మూడర్థాల సరుకు

మాటకు ఒకటే అర్థం ఉంటుందనుకునేవాడు పామరుడనీ, రెండుంటాయని ఎరిగినవాడు పండితుడనీ డాక్టర్ ముద్దుకృష్ణ పుంగనూరులో పందొమ్మిదేళ్లపాటు డిగ్రీ విద్యార్థులకు బోధించాడు. ఆ పందొమ్మిదేళ్లలో విద్యార్థులు ఆయన మాటల్లో ఒక్క అర్థమైనా పట్టుకోగలిగారా అన్నది వేరే చర్చ. ఆయన డాక్టరేటు శ్లేష మీద, అంటే ఒకే పద్యంలో రెండు కథలు దాగి ఉండే విద్య మీద. నాలుగు వందల పన్నెండు పుటల ఆ సిద్ధాంత వ్యాసంలో ఆరో అధ్యాయం నిషిద్ధ పదాల గురించి. పామును పామనక పురుగనడం, మశూచిని అమ్మవారనడం, భయపడే దాన్ని పేరు పెట్టి పిలవకుండా మన్నించడం, ఇదంతా అందులో సోదాహరణంగా ఉంది. పరీక్షకులు ఆ అధ్యాయాన్ని ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. ఈ కథలో దాని అవసరం పడినప్పుడు దాన్ని మరిచిపోయినవాడు, రాసినవాడే.

కాలేజీలో తెలుగు తీసుకునే పిల్లలు కరువై ఆ శాఖ మూతపడిన ఏడాదే, మదనపల్లె నుంచి పుంగనూరుకు వెళ్లే దారిలో కొత్త జైలు వెలిసింది. ఖైదీలు ఇంటివాళ్లతో మాట్లాడుకోవడానికి అందులో అత్యాధునికమైన ఫోను ఏర్పాటు చేశారు. అది మామూలు ఫోను కాదు. బొటనవేలు ఆనిస్తే తప్ప నిద్ర లేవదు. గొంతు గుర్తుపడితే తప్ప నంబరు కలపదు. ముందుగా నమోదు చేయించిన ఒకే ఒక్క నంబరుకు, మంగళవారం, శుక్రవారం, పది నిమిషాలు మాత్రం అనుగ్రహిస్తుంది. అన్న ప్రతి మాటనూ దాచుకుంటుంది. రాజుల కాలంలో గూఢచారులు మారువేషాలు వేసుకుని వీధులు తిరిగేవారట. ఇప్పుడా శ్రమ లేదు, వీధే నడిచి వచ్చి చెవిలో పడుతుంది.

ఆ చెవి మదనపల్లెలో ఉంది. టమోటా ట్రేలు నిలవచేసే గోడౌను పైన, మేడమీద, 'వాగ్రక్ష' అనే ప్రైవేటు కంపెనీ వారి శ్రవణ కేంద్రం. కింద కుళ్లిన టమోటాల వాసన, పైన ఏసీ, మధ్యలో డాక్టర్ ముద్దుకృష్ణ. యంత్రానికి తెలుగు వచ్చు గాని అది కృష్ణా తీరపు తెలుగు. 'ఉండాది' అంటే దానికి ఉన్నదో లేదో తెలియదు. దానికి ఈ ప్రాంతపు భాష నేర్పడానికి, అది అనుమానించలేని మాటలను తాను అనుమానించడానికి కంపెనీ ఆయన్ను భాషా పరిశీలకుడిగా తీసుకుంది. అనుమానం కలిగితే నొక్కి లైను తెంచడానికి బల్లమీద ఎర్ర మీట ఒకటి అమర్చింది. సింహాసనం ఎక్కిన రాజు మొదటిసారి రాజదండం పట్టుకున్నట్టు ముద్దుకృష్ణ ఆ మీట మీద వేలు ఆనించి చూసుకున్నాడు.

చేరిన నెలలోనే ఆయన నిషిద్ధ పదాల పట్టిక ఒకటి తయారుచేశాడు. నలభై ఒక్క మాటలు. కత్తి, బాంబు, గంజాయి, సారా వంటివి ఎవరైనా రాస్తారు. పదిహేడో మాట మాత్రం పండితుడు రాసినది: బెల్లం. నాటుసారా కాచేది బెల్లంతో గనుక, కారణం లేనిదే కార్యం లేదు గనుక, సారాను నిషేధించి బెల్లాన్ని వదిలేయడం తర్కానికి నిలవదని ఆయన రెండు పేజీల వివరణ జతచేశాడు. కంపెనీవారు చదవకుండానే ఒప్పుకున్నారు. పట్టికను పెద్ద అక్షరాలతో అచ్చువేసి జైలు ఫోను గదిలో గోడకు అంటించారు. ఈ మాటలు పలికితే ఫోను కట్ అవును అని కింద హెచ్చరిక.

ఎనిమిది నెలలు గడిచాయి. ఎర్ర మీట కొత్త పెళ్లికూతురిలా తల వంచుకునే ఉంది. ఖైదీలు అన్నం తిన్నారా అని అడిగేవారు, వకీలును తిట్టేవారు, ఆవు ఈనిందా అని వాకబు చేసేవారు. కుట్ర అన్నది ఒక్కటీ దొరకలేదు. నెలకోసారి బెంగళూరు నుంచి వచ్చే ప్రాంతీయ మేనేజరు ఉదయ్ కిరణ్ ఆ నెల వచ్చి, యంత్రం దానంతట అదే బాగా నేర్చుకుంటోందనీ, నెలాఖరుకల్లా ముద్దుకృష్ణ పదవి ఖాయం చేయడమో ఎత్తివేయడమో పైవాళ్లు తేలుస్తారనీ, "ఒక్క మంచి కేసు ఉంటే బావుంటుంది సార్" అనీ చిరునవ్వుతో చెప్పి వెళ్లాడు. ఆ రోజు బస్సులో పుంగనూరు చేరేదాకా ముద్దుకృష్ణకు ఆ వాక్యంలో రెండో అర్థం దొరకలేదు. ఉన్న ఒక్క అర్థమే చాలినంత భయంకరంగా ఉంది.

అలాంటి సమయంలో ఆయన చెవిన పడ్డవాడు అంజినప్ప.

అంజినప్పది రామకుప్పం దాటి అడవి అంచున ఒక పల్లె. రెండెకరాల రాగిచేను, చేను మధ్య కావలి గుడిసె, కడుపుతో ఉన్న ఆవు, వెంకటమ్మ అనే భార్య, హనుమంతు అనే బావమరిది, ఇదీ అతని సామ్రాజ్యం. పక్క చేని ఆసామి లక్ష్మీపతితో గట్టు తగాదా వచ్చి, పార కామతో ఒక దెబ్బ వేశాడు. లక్ష్మీపతి భుజం విరిగింది. ఊళ్లో లక్ష్మీపతిని అందరూ పెద్దాయన అంటారు. కుప్పం కోర్టులో బెయిలు దొరకలేదు. అంజినప్ప కొత్త జైలుకు వచ్చి మూడు నెలలయింది.

ఆ పల్లెల్లో ఇంకో పెద్దాయన ఉన్నాడు. ఆ సంగతి అక్కడి పాలు మరవని పిల్లకు కూడా తెలుసు. చీకటి పడ్డాక అడవి దిగి వస్తాడు, చేలు తొక్కుతాడు, గోడలు తోస్తాడు. అతన్ని ఎవరూ ఏనుగు అనరు. అంటే పిలిచినట్టు. పిలిస్తే రావడం ఆయనకు మర్యాద. అందుకే పెద్దాయన, ఆయప్ప. ముద్దుకృష్ణ ఆ పల్లెలో ఎవరినైనా ఒక్క మాట అడిగి ఉంటే తెలిసేది. పండితులు పల్లెలను అడగరు, పల్లెల గురించి రాస్తారు.

ఆ మంగళవారం పొద్దున పదకొండు గంటలకు అంజినప్ప వేలు ఆనించాడు. యంత్రం అతని గొంతు గుర్తుపట్టి, ఈ సంభాషణ రికార్డు చేయబడుతున్నదని ప్రకటించి, లైను కలిపింది. ముద్దుకృష్ణ హెడ్‌ఫోను సర్దుకున్నాడు. ఆవు సంగతి అయింది. వకీలు సంగతి అయింది. అప్పుడు వెంకటమ్మ గొంతు తగ్గించింది. తగ్గిన గొంతు విన్నప్పుడల్లా ముద్దుకృష్ణ వెన్ను నిటారుగా అయ్యేది.

"పెద్దాయన వచ్చినాడు," అంది ఆమె.

"ఒగడేనా, జతతో వచ్చినాడా?"

"ఒగడే. గుడిసె సుట్టూ తిరిగినాడంట. హనుమంతు మంట యేసి తరిమినాడు. పైరు ఒక పిడికెడు గూడా ముట్టలేదు, యాలనో."

ఏపుగా ఉన్న రాగిపైరును వదిలి వట్టి గుడిసె చుట్టూ ఏనుగు ఎందుకు తిరిగిందో అంజినప్పకు ఆ క్షణాన తెలిసింది. ఈనబోయే ఆవుకు పెట్టడానికని, ఇంట్లో ఎలుకల బాధ పడలేక, జైలుకు రాకముందే అర మూట బెల్లం తెచ్చి గుడిసె అటక మీద గడ్డి కింద దాచాడు. భార్యకు చెప్పడం మరిచాడు. ఏనుగుకు రాగి ఆకలి, బెల్లం పిచ్చి. ఆ వాసన పట్టినవాడు మళ్లీ వస్తాడు. ఈసారి గుడిసెను పీకి చూస్తాడు.

అతని ఎదురుగా గోడ మీద పట్టిక ఉంది. పదిహేడో మాటను అతను కూడబలుక్కుని చదువుకున్నాడు. ఆ మాట అంటే ఫోను తెగుతుంది. అంజినప్ప చట్టానికి భయపడేవాడు. ఒక్కసారే భయపడలేదు, దాని ఫలం అనుభవిస్తున్నాడు. అందుకని బెల్లం అనకుండా ఊరంతా వాడే మాట వెతుక్కున్నాడు.

"ఇనుకో మే," అన్నాడు. "ఇంగ మల్లా వస్తాడు ఆయప్ప. ఊరికే పోడు. పెద్దాయన వచ్చేలోగా ముందు సరుకు తీసేయాల నువ్వు. సరుకు..."

ముద్దుకృష్ణ వేలు మీట మీద పడింది.

ఎనిమిది నెలల నిరీక్షణ ఫలించిన ఆ క్షణంలో ఆయనకు ఒళ్లు గగుర్పొడిచింది. ఇదిగో ద్వ్యర్థి, పాదపాదానా శ్లేష! పెద్దాయన అనగా ఫిర్యాదుదారు లక్ష్మీపతి, కేసు కాగితాల్లో ఆ వాడుక పేరు స్పష్టంగా ఉంది. ఒకడే వచ్చాడు, అనగా కాపలా లేకుండా తిరుగుతున్నాడు. మంట వేసి తరమడం, అనగా మొదటి ప్రయత్నం. సరుకు, అనగా ఆయుధం. తీయడం, అనగా బయటికి తీయడం. ఆయన అన్నం కూడా మరిచి నాలుగు పుటల నివేదిక రాశాడు. అందులో ఛందస్సు తప్ప కావ్య లక్షణాలన్నీ ఉన్నాయి.

ఫలితాలు చకచకా వెలువడ్డాయి. అంజినప్ప ఫోను రెండు వారాలు మూసేశారు. విచారణ ముగిసేదాకా ములాఖత్ కూడా రద్దు. లక్ష్మీపతి ఇంటిముందు ఇద్దరు కానిస్టేబుళ్లు కుర్చీలు వేసుకున్నారు. తన మీద కుట్ర జరిగేటంత గొప్పవాణ్నని అప్పటిదాకా ఎరగని లక్ష్మీపతి ఆ ఇద్దరినీ వెంటబెట్టుకుని, విరిగిన భుజానికి కొత్త కట్టు కట్టించుకుని, పనేమీ లేకపోయినా వెంకటగిరికోట సంతదాకా వెళ్లివచ్చాడు. ఉదయ్ కిరణ్ ఫోను చేసి, మాండలికంలో దాగిన కుట్రను కంపెనీ పట్టుకోవడం ఇదే మొదలనీ, సోమవారం శాలువా కప్పుతామనీ, పదవి ఖాయమైనట్టేననీ చెప్పాడు.

మరి వెంకటమ్మ? ఆమెకు అందినది సగం వాక్యం. పెద్దాయన వచ్చేలోగా సరుకు తీసేయాల. సరుకంటే ఏమిటో ఆమెకు అనుమానమే లేదు. రైతు ఇంట్లో సరుకంటే పంట. తీసేయడమంటే కోసి కుప్ప వేయడం. కంకుల్లో పాలు ఇంకా పూర్తిగా గట్టిపడలేదు, మరో పన్నెండు రోజులు ఆగితే మంచిది. అయినా మగనికి తెలియనిదా, జైల్లో కూర్చున్నా చేను అతని కళ్లలోనే ఉంటుంది కదా అనుకుని కొడవలి పట్టింది. కోసిన కుప్పను కావలి కాయాలి కనుక దుప్పటి తీసుకుని గుడిసెకు మారింది. చుట్టూ తిరిగి కూడా గుడిసెను ముట్టకుండా పోయాడంటే గుడిసె మీద పెద్దాయనకు దయ ఉందని తమ్ముడు హనుమంతుతో అన్నదట.

గురువారం యమున సెలవు నుంచి వచ్చింది. కేంద్రంలో రెండో బల్ల ఆమెది. వెంకటగిరికోట పిల్ల, డిగ్రీ కంప్యూటర్లలో, తెలుగు పుట్టుకలో. అందరూ గొప్పగా చెప్పుకుంటున్న ఆ రికార్డింగు తానూ వినాలని పెట్టుకుని, మొదట నవ్వింది. చివరికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. హెడ్‌ఫోను తీసి ముద్దుకృష్ణ బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"సార్, పెద్దాయనంటే ఏనుగు సార్."

ముద్దుకృష్ణ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఏ నిఘంటువులో ఉందమ్మాయీ ఆ అర్థం?"

"నిఘంటువులో యాడుంటాది సార్, మా ఊర్లలో ఉండాది. పేరు పెడితే పిలిసినట్టని ఎవురూ అనరు. పామును పురుగంటాం గదా, అట్ల."

పురుగు అన్న మాటతో ఆరో అధ్యాయం, మూడువందల ఇరవయ్యో పుట, ఆయన కళ్లముందు దానంతట అదే తెరుచుకుంది. తప్పును తెలుసుకోవడానికి పండితుడికి పామరుడికన్నా తక్కువ సమయమే పడుతుంది. దాన్ని ఒప్పుకోవడానికి పట్టే సమయమే వేరు.

"మరి సరుకు?" అన్నాడు.

"అది నాకూ తెలీదు సార్. పంటో ఏమో. ఏదైనా గానీ, ఆయప్ప మల్లా వస్తాడు, అంతలోపల ఏందో తీసేయమంటాండాడు. ఆమెకు సగమే పోయింది. మిగతా సగం చెప్పుకోనీండి సార్. రేపు శుక్రవారమే గదా."

నిజమే. దానికి సవరణ పత్రం అని ఒకటుంది. ఒక్క వాక్యం, ఒక్క సంతకం. ఆ సాయంత్రం పంపితే శుక్రవారం పొద్దున అంజినప్ప ఫోను తెరుచుకుంటుంది. ఆలోచిస్తానని చెప్పి యమునను పంపేసి, ముద్దుకృష్ణ నిజంగానే ఆలోచించాడు. సవరణ పత్రం ముందు పెట్టుకుని కలం విప్పాడు. 'పెద్దాయన అను పదము గజవాచకమని తెలియవచ్చుటచే' అని మొదలుపెట్టాడు. తెలియవచ్చుట అంటే ఎవరో తెలిపినట్టు అవుతుంది. 'నా పునఃపరిశీలనలో' అని మార్చాడు. పునః అంటే మొదటిది పరిశీలన కాదని తేలుతుంది. మూడోసారి కొట్టివేశాక ఆ వాక్యం ఎలా రాసినా అందులో ఒక మూర్ఖుడు కనబడుతున్నాడని, వాడు అంజినప్ప కాడని గ్రహించాడు. సోమవారం శాలువా. మంగళవారం రాసినా నష్టమేమిటి? ఏనుగు రావచ్చు, రాకపోవచ్చు, ఏనుగులకు నియతకాలం లేదు. శాలువాకు ఉంది. ఆయన పత్రాన్ని నాలుగు మడతలు పెట్టి సొరుగులో దాచాడు.

యమున ఊరుకోలేదు. ఉదయ్ కిరణ్‌కు తానే మెయిలు రాసింది. భాషా సంబంధమైన ఫిర్యాదులు భాషా నిపుణునికే పంపాలన్నది కంపెనీ నియమం కనుక ఉదయ్ కిరణ్ ఆ మెయిలును ముద్దుకృష్ణకే పంపి, మీ అభిప్రాయం ఏమిటని అడిగాడు. ముద్దుకృష్ణ మూడు మాటల్లో జవాబిచ్చాడు: విషయం పరిశీలనలో ఉంది. ఆ వాక్యంలో అబద్ధం లేదని ఆయనకు ఎంతో ఊరట కలిగింది.

శుక్రవారం పదకొండు గంటలకు అంజినప్ప ఫోను గదికి వచ్చి వేలు ఆనించాడు. యంత్రం నిద్ర లేవలేదు. మళ్లీ ఆనించాడు. లుంగీకి తుడుచుకుని ఆనించాడు. ఇదంతా కెమెరాలో ముద్దుకృష్ణకు కనబడుతూనే ఉంది. వార్డరు వచ్చి భుజం పట్టుకుని తీసుకుపోయేదాకా అతను ఏడుసార్లు వేలు ఆనించాడని లెక్కపెట్టినది యమున.

సోమవారం సభ ఘనంగా జరిగింది. టమోటా మండీ ఆసాములిద్దరు, ఒక రిటైర్డు ప్రిన్సిపాలు వచ్చారు. అక్షరం ఆయుధం కన్నా పదునైనదని ప్రిన్సిపాలు సెలవిచ్చాడు. శాలువా ఎరుపు రంగు, జరీ అంచు. ప్రాంతీయ భాషా భద్రతాధికారి అన్న నియామక పత్రాన్ని ఉదయ్ కిరణ్ చేతికందించి, కనుగొన్న కొత్త మాటలను యంత్రంలో చేర్చేశామనీ, ఇకపై ఆ మాటలు వినబడితే ఎర్ర మీట కోసం ఆగకుండా యంత్రమే తెంచేస్తుందనీ, అలా తెగితే పది నిమిషాలు నిండేదాకా మళ్లీ కలుపుకోవచ్చుననీ చెప్పాడు. నలభై రెండో మాట పెద్దాయన. నలభై మూడో మాట సరుకు. ముద్దుకృష్ణ సభకు ధన్యవాదాలు చెబుతూ మాట ఎంత బరువైనదో వివరించాడు. మంగళవారం సవరణ పత్రం గురించి ఆలోచించలేదు. పదవి చేపట్టిన మొదటి రోజే పాత అధికారి పనిలో తప్పులు వెతకడం సంస్కారం కాదు, ఆ పాత అధికారి తానే అయినా.

ఆ వారం శుక్రవారం తెల్లవారుజామున పెద్దాయన వచ్చాడు.

శనివారం పత్రిక జిల్లా పేజీలో, అడుగున, నాలుగు వరుసలు. రామకుప్పం మండలంలో ఏనుగు దాడి, కావలి గుడిసెలో నిద్రిస్తున్న వెంకటమ్మ అనే మహిళా రైతు మృతి, గుడిసె నేలమట్టం, కుప్పంలో శవపరీక్ష. యమున ఆ పేజీని మడిచి, ఆ నాలుగు వరుసలు పైకి వచ్చేటట్టు, ముద్దుకృష్ణ బల్లమీద పెట్టి తన చోటికి వెళ్లి కూర్చుంది. ముద్దుకృష్ణ చదివాడు. వెంకటమ్మలు లోకంలో వేలమంది ఉంటారని తనకు తాను చెప్పుకున్నాడు. కావలి గుడిసెలు కూడా. తర్వాత ఆ పేజీని చిన్నగా మడిచి సవరణ పత్రం పక్కనే సొరుగులో పెట్టాడు.

సోమవారం హనుమంతు జైలు గేటు దగ్గరికి వచ్చి అక్క పోయిన సంగతి బావకు చెప్పాలన్నాడు. ములాఖత్ రద్దులో ఉందన్నారు. మీరైనా చెప్పండన్నాడు. చావును నోటిమాటగా చెప్పడానికి నియమం ఒప్పదనీ, గ్రామ సచివాలయం నుంచి మరణ ధ్రువపత్రం రావాలనీ చెప్పారు. అది ఇవ్వడానికి సచివాలయంవారు కుప్పం శవపరీక్ష నివేదిక కోసం చూస్తున్నారు. గేటు దగ్గరి వార్డరు మాత్రం జాలిపడి, రేపు మంగళవారం మీ బావ ఫోను తెరుచుకుంటుంది, అప్పుడు నువ్వే చెప్పుకోప్పా అన్నాడు. వెంకటమ్మ ఫోను ఇప్పుడు హనుమంతు దగ్గరే ఉంది. గుడిసె కింద నలిగినా అది పగలలేదు.

మంగళవారం పదకొండు గంటలకు అంజినప్ప వేలు ఆనించాడు. యంత్రం ఆదరంగా మేల్కొంది. రెండు వారాలుగా కడుపులో పెట్టుకున్న వాక్యాన్ని చెప్పడానికి నోరు తెరిచాడు. అవతల మగగొంతు.

"నేను బావా, హనుమంతును."

"మీ యక్క యాడ? ఆయమ్మకియ్యి, బిరీన."

చావు కబురును మొదటి మాటలోనే ఎవరూ చెప్పరు. ఊరి పొలిమేర నుంచి నడిపించుకుంటూ ఇంటిదాకా తెస్తారు. హనుమంతు కూడా అలాగే పొలిమేర నుంచి మొదలుపెట్టాడు.

"శుక్రవారం పెద్దాయన..."

తెగింది. మదనపల్లెలో ముద్దుకృష్ణ ముందున్న తెర మీద ఎర్రదీపం వెలిగి, పట్టివేతల గడిలో ఒకటి చేరింది.

అంజినప్ప మళ్లీ కలిపాడు. ఎందుకు తెగిందో ఇద్దరికీ తెలియదు, సిగ్నలు లేదనుకున్నారు. హనుమంతు ఈసారి గొంతు పెంచి, పెద్దాయన వచ్చినాడు బావా అన్నాడు. తెగింది. రెండు. యమున తన బల్ల దగ్గర లేచి నిలబడింది. ముద్దుకృష్ణ చేతికి అందేంత దూరంలోనే సొరుగు ఉంది, అందులో పత్రం ఉంది, జేబులో కలం ఉంది. ఆ మేడమీద, ఆ జిల్లాలో, ఇరువైపులవారు ఏమంటున్నారో, ఎందుకు తెగుతున్నదో రెండూ ఎరిగిన అధికారి తానొక్కడే. ఇంతటి ఏకాంతం మహాకవులకు కూడా దొరకదు. ఆయన కదలలేదు.

వేలు, గొంతు, ప్రకటన అన్నీ ప్రతిసారీ మొదటినుంచి నడిచి సమయం దాదాపు అయిపోయాక, మూడోసారి కలిసినప్పుడు అంజినప్ప గోడ మీది పట్టికను చూశాడు. కొత్తగా అంటించిన అడుగు చీటీలో నలభై రెండో మాట ఉంది.

"ఆ మాట అనొద్దురా," అన్నాడు. "ఆ మాటకే పోతాండాది. ఇంగోమాట సెప్పు. మీ యక్కకు ఏమయింది?"

హనుమంతు ఇంకో మాట వెతికాడు. పెద్దాయన అనకూడదు, ఏనుగు అనడానికి నోరు రాదు, చావు అన్న మాట మొదలే రాదు. మిగిలినది ఒకటే, నాలుగు రోజులుగా ఇంటిల్లిపాదీ నమిలి మింగలేని ప్రశ్న.

"అక్క పైరు కోసుకుంటా గుడిసెలోనే పండుకొనింది బావా. వద్దంటే ఇన్లేదు. నువ్వే గదంట సెప్పింది, సరుకు..."

తెగింది. మూడు. పది నిమిషాలు కూడా నిండాయి.

ఫోను తెగాక కూడా గదిలోని మైకు ఇరవై సెకన్లపాటు తెరిచే ఉంటుంది. ఫోను పెట్టేశాక ఖైదీలు తమలో తాము అనుకునే మాటల్లోనే నిజమైన గూఢార్థం ఉంటుందని గుర్తించి ఆ ఏర్పాటు చేయించినది ముద్దుకృష్ణే. హెడ్‌ఫోనులో మొదట ఏమీ వినబడలేదు. తర్వాత రిసీవరు గోడకు తగిలిన చప్పుడు. తర్వాత మాట, కేక కాదు, పక్కన ఉన్న మనిషితో అన్నట్టు.

"బెల్లం," అన్నాడు అంజినప్ప. "బెల్లమే వెంకటమ్మా. అటక మీద బెల్లం ఉండాది, అది తీసేయ్. బెల్లం."

తెగిన లైనును మళ్లీ తెంచే ఏర్పాటు లేదు కనుక యంత్రం ఊరుకుంది. ఇరవై సెకన్లు అయిపోయాయి.

యమున తన హెడ్‌ఫోను తీసి బల్లమీద పెట్టి, మెట్లు దిగి వెళ్లిపోయింది. ముద్దుకృష్ణ అలాగే కూర్చున్నాడు. అప్పుడు, ఎంత లోతు నుంచో, చదువు ఆయన్ను ఆదుకోవడానికి వచ్చింది. సరుకు అంటే బెల్లం. బెల్లం అంటే పదిహేడో మాట. నిషిద్ధ పదాన్ని పలకకుండా, దాని బదులు మారుపేరు వాడి, ఖైదీ వ్యవస్థను మోసగించాడు. అంటే మొదటి రోజు తాను అనుమానించింది నిజమే. శ్లేష ఉన్నది. పట్టుకున్నది తానే. అర్థంలోనే కొద్దిపాటి తేడా.

ఆయనకు ఊపిరి తేలికయింది. సొరుగు తెరిచి, సవరణ పత్రాన్ని చించి బుట్టలో వేసి, కొత్త నివేదిక తీసుకున్నాడు. గూఢార్థం అన్న గడిలో 'సరుకు: బెల్లము, పట్టికలో సంఖ్య 17' అని రాశాడు. ధ్రువీకరణ అన్న గడిలో 'నిందితుడు స్వయముగా ఒప్పుకొనెను' అని రాశాడు. ఒకసారి మొదటి నుంచి చదువుకున్నాడు. అక్షరదోషం ఒక్కటి కూడా లేదు.